ఓడెక్కి వచ్చిన కాకులు, మూటలు మోసిన నక్క

రండమ్మా, రండి. ఆ గోడవారగా కూర్చున్నవాళ్ళు కూడా ఇలా ముందుకి జరగండి. దూరంగా కూర్చుంటే కథలో సగం గాలే పట్టుకుపోతుంది. పిల్లల్ని ఒళ్ళో వేసుకోండి. చేతిలో జంతికో చేగోడీనో ఉన్నవాళ్ళు దాన్ని అప్పుడే నోట్లో వేసుకోకండి, కథయ్యాక దాంతో పనుంది. స్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నాను.

మన పెరట్లో కాకి అరిస్తే ఏమంటాం? చుట్టాలొస్తున్నారంటాం. ఇల్లాలు ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తుంది. మరి ఆ కాకి ఇంటికే చుట్టాలొస్తే?

సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టే కళ్ళం ఒకటుంది. ఇసుక మీద పాత వలలు పరిచి నెత్తళ్ళనే సన్న చేపలూ రొయ్యలూ ఆరబోస్తారు. కళ్ళానికి ఒక పక్క సరుగుడు తోపు, ఇంకో పక్క పడవల రేవు, ఆ రేవు పక్కనే ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. తోపు నిండా కాకుల పేట.

కళ్ళంలో పనిచేసే ఆడవాళ్ళు ఆ కాకుల్ని పెద్దగా తోలరు. ప్రేమ అనుకునేరు, కాదు, ఉపాయం. కాకి నాలుగు నెత్తళ్ళు తింటుంది, నిజమే. కానీ తోపు వెనక తుప్పల్లో ఉండే నక్క కళ్ళం వైపు ఒక్క కాలు పెడితే చాలు, పేట పేటంతా ఒకే గొంతుతో లేస్తుంది. ఆ గోలకి రేవులో కుక్కలు లేస్తాయి. ఆ తరవాత నక్క సంగతి నక్క చూసుకోవాలి.

నక్క పేరు సన్నాసయ్య. పేరుకి తగ్గట్టు ఎప్పుడూ ఏకాదశి ఉపవాసంలో ఉన్నట్టే ముఖం పెడతాడు. చెప్పొద్దూ, నిజంగా ఉపవాసమే. కాకులు కలిసున్నన్నాళ్ళూ వాడికి ఒడ్డున తిరిగే పీతలే గతి.

ఆ పేటలో ఒక కట్టుబాటుంది. ఎవరికి తిండి కనిపించినా వెంటనే ముట్టకూడదు. మూడుసార్లు కూయాలి. మొదటి కూత పైకి వెళ్ళిపోయిన పెద్దలకి. రెండో కూత చుట్టాలకి. మూడోది ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళకి. అప్పుడు ముక్కు పెట్టాలి. "పిలవకుండా తిన్నది ఒంటికి పట్టదు" అని పేటకి పెద్దదైన నూకమ్మ పెద్దమ్మ పిల్లలకి రెక్కలు రాకముందే ఈ కూత నేర్పేది. తల్లి లేని ముత్యాలుకీ ఆవిడే నేర్పింది.

మన కథ ఈ ముత్యాలుదే. పెళ్ళైన కొత్తలో మొగుడు దానయ్యతో కలిసి, రేవుకి కొంచెం దూరంలో ఆగిన పెద్ద ఓడ మీదకి బియ్యం గింజలకని వెళ్ళింది. కడుపునిండా తిన్నారు, జెండాకొయ్య మీద కునుకు తీశారు. కళ్ళు తెరిచేసరికి నాలుగు దిక్కులా నీళ్ళు. ఓడ ఎక్కడాగితే అదే మన ఊరనుకున్నారు. ఓడ ఎడారి దేశపు రేవులో ఆగింది. అక్కడే గూడు కట్టారు, అక్కడే ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఇన్నేళ్ళకి, వేటపడవల మీద తిరిగే కాకి ఒకటి కబురు తెచ్చింది. "ముత్యాలు పిల్లల్తో సహా వస్తోంది. ఓడ నిండా సరుకు ఎక్కేదాకా ఇక్కడే ఉంటారట. ఎక్కగానే మళ్ళీ అదే ఓడలో ప్రయాణమట."

పేటంతా కలకలం. ముత్యాలు అన్న పెళ్ళాం గంగులు గూట్లో పాత పీచు పారేసి కొత్త పీచు పరిచింది. "నా ఆడపడుచు మెత్తటి పడకలకి అలవాటుపడి ఉంటుంది, రేపు నన్ననకూడదు కదా" అంటూ ముక్కుతో మళ్ళీ మళ్ళీ సర్దింది. నూకమ్మ పెద్దమ్మ రేవు పక్కనున్న ఐసు గిడ్డంగి పెంకుల సందులో ఎండు నెత్తళ్ళు దాచడం మొదలుపెట్టింది. "దానికి ఇవంటే ప్రాణం. ఆ ఎడారిలో ఎవరు పెడతారు" అంటూ తను తినకుండా మరీ దాచింది.

ఓడ వచ్చి ఆగింది. ముత్యాలు కుటుంబం తెల్లారుతూనే ఒడ్డుకి ఎగిరొచ్చింది. వస్తూ వస్తూనే కళ్ళం అంచున ఎవరో గంప ఒలకబోసుకున్న చోట నెత్తళ్ళు కుప్పగా కనిపించాయి.

ఇక్కడే జరిగింది పొరపాటు. ఆ ఎడారి రేవులో బాతులంతేసి తెల్ల పక్షులుంటాయి. నోట్లో ముద్ద నోట్లోంచే లాక్కుపోతాయి. అందుకని అక్కడ తిండి కనిపిస్తే కిక్కురుమనకూడదు. రెక్కలు గొడుగులా కప్పుకుని గుటుక్కున మింగెయ్యాలి. ఇన్నేళ్ళుగా అదే అలవాటు. ముత్యాలు కుడిరెక్క, దానయ్య ఎడమరెక్క అడ్డం పెట్టారు. పిల్లలిద్దరూ మధ్యన దూరారు. నలుగురూ చప్పుడు లేకుండా తినేశారు. తప్పు చేస్తున్నామన్న ఊహే ముత్యాలుకి రాలేదు.

ఎదురు రావడానికి బయల్దేరిన నూకమ్మ, గంగులు సగం దారిలో కొబ్బరాకు మీద ఆగిపోయారు.

"పిలవలేదు పెద్దమ్మా" అంది గంగులు.

"చూశాను."

"రెక్క అడ్డం పెట్టుకుని మరీ తింటున్నారు."

"చూశానన్నానుగా" అంది నూకమ్మ.

తరవాత పలకరింపులైతే అయ్యాయి. "వచ్చారా", "చిక్కిపోయావే", "పిల్లలు నీ పోలికే", అన్నీ అన్నారు. కానీ ఆ మాటలు చల్లారిన గంజిలా ఉన్నాయి. దానయ్య ఊరుకున్నా బాగుండేది. "మా దగ్గరైతే ఎండు చేప మీద ఈగ వాలదు చెల్లెమ్మా, అన్నీ డబ్బాల్లోనే" అన్నాడు.

"అయితే ఇక్కడి ఈగలు మీకు ఇబ్బందే అన్నయ్యా" అంది గంగులు, తోక సర్దుకుంటూ.

మధ్యాహ్నం కళ్ళంలో మూడు కూతలు పడ్డాయి. ఇంటివాళ్ళకి ఆ కూత చాలు. ఇంటికొచ్చిన ఆడపడుచుని మాత్రం ఎదురొచ్చి, పేరు పెట్టి పిలవాలి. అది మర్యాద. ముత్యాలు విరిగిన పడవ మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. పిల్లల్ని ఓడ మీదకి తీసుకెళ్ళి నూకలు పెట్టింది. తను మాత్రం ముట్టలేదు.

ఒంటరిగా ఉన్న కాకి చుట్టూ నక్క వాసన ఊరికే రాదు. సాయంత్రం సన్నాసయ్య కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు.

"బావున్నావా చెల్లెమ్మా? చిన్నప్పుడు నిన్ను ఇంత ఉండగా చూశాను."

"నన్ను చూశావో, తినాలని చూశావో గుర్తు చేసుకో అన్నా" అంది ముత్యాలు.

"అయ్యో, అవన్నీ మానేశాను. ఇప్పుడు నారాయణ స్మరణే. మీ ఇంటి గొడవ నాకెందుకు గానీ, కళ్ళతో చూసి ఊరుకోలేక వచ్చాను. నువ్వు గొప్పలు చూపించడానికి వచ్చావంటున్నారు మీ వాళ్ళు."

ముత్యాలు వాడి వైపు తిరిగింది. "గొప్పలేమున్నాయన్నా నా దగ్గర? చిరిగిన బస్తాలోంచి రాలిన ఖర్జూరాలు ఏరి తెచ్చాను. ఇంటింటికీ పెడదామని."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నీ చేత్తో ఇస్తే ముట్టరు తల్లీ. నీతో మాట్లాడినవాళ్ళని కూడా వెలేస్తామంటున్నారు. మూట కట్టి నాకియ్యి. నలుగురి మంచి కోరేవాణ్ణి, మెల్లగా నచ్చజెప్పి అందిస్తాను."

అక్కణ్ణించి సన్నాసయ్య నేరుగా ఐసు గిడ్డంగికి వెళ్ళాడు.

"నూకమ్మ తల్లీ, నీ మనవలకి ఎండు చేపల వాసనే పడటం లేదట. మీతో కలిసి తింటే జబ్బులొస్తాయని అల్లుడుగారి భయం."

"నా ముత్యాలు అలా అందా?"

"ముత్యాలు అనలేదు. అనకుండా ఊరుకుంది."

చూశారా, అబద్ధంలో ఎంత పనితనమో. అంది అంటే పెద్దమ్మ వెళ్ళి నిలదీసేది. ఊరుకుందనేసరికి ఈవిడా ఊరుకుంది. అయినా పెంచిన ప్రాణం కదా. "తిన్నా తినకపోయినా దాని కోసం దాచినవి దానికే చేరాలి" అని పెంకుల సందులోంచి నెత్తళ్ళు తీసి వలముక్కలో కట్టింది.

"నేను కడిగి, వాసన పోగొట్టి ఇస్తాను తల్లీ" అన్నాడు సన్నాసయ్య.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి ప్రసాదం కూడా తనే మింగేశాడు. అటు మూట ఇటు చేరలేదు, ఇటు మూట అటు చేరలేదు. రెండూ తుప్పల్లో బొరియ ముందు విప్పుకున్నాడు. చేప తిన్నాక ఖర్జూరం, ఖర్జూరం తిన్నాక చేప. గింజలు ఇసుకలోకి ఊశాడు.

ఓడలోకి బస్తాలు ఎక్కుతూనే ఉన్నాయి. సన్నాసయ్య రోజూ వచ్చి రోజూ మూటలు పట్టుకెళ్తున్నాడు. "ఏమన్నారు?" అని ఇటువాళ్ళు ఆశగా అడిగితే, "ఏమంటారు, తీసుకున్నారు" అని నిట్టూర్చేవాడు. అటువాళ్ళకీ అదే నిట్టూర్పు.

పేటలో కాకులు రెండు జట్లయ్యాయి. ఆడపడుచుని పిలవాల్సింది మనమే అని ఒక జట్టు, తప్పు చేసినవాళ్ళే రావాలని ఇంకో జట్టు. వాదులాటలో పడి కళ్ళం వైపు చూసే దిక్కే లేదు. నక్క చీకటి పడకముందే దర్జాగా కళ్ళంలోకి నడిచొచ్చి రొయ్యలు బుక్కుతున్నాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది.

"కాకులకి గొంతు పోయిందేమిటే?" అంది కళ్ళంలో ఒకామె. "కాపలా కాయని కాకులకి నెత్తళ్ళు ఎందుకు? రేపట్నుంచి పైన కూడా వల కప్పేద్దాం."

ఆ మాట పేటంతా విన్నది. కళ్ళానికి వల కప్పితే కాకులకి తిండి లేదు. అప్పటికీ వాదులాట ఆగలేదు.

ఆ సాయంత్రమే ఓడ కూత వేసింది. సరుకు నిండిపోయిందని అర్థం. ఇంకొక్క పొద్దు ఉంటే ప్రయాణం.

"పోదాం ముత్యాలూ, మనవాళ్ళనుకుని వచ్చాం. ఎంగిలిచేత్తో కాకిని తోలనివాళ్ళు మనుషుల్లో ఉంటారని విన్నాను, కాకుల్లోనూ ఉన్నారు" అన్నాడు దానయ్య.

ముత్యాలు తోపు వైపు తిరిగింది. అప్పుడే తోపులో ఎవరికో తిండి దొరికినట్టుంది, మూడు కూతలు వినిపించాయి. చిన్నకూతురు తల పక్కకి వంచి అడిగింది.

"అమ్మా, వీళ్ళు తినేముందు అంత గట్టిగా అరుస్తారెందుకే? అరిస్తే లాక్కునేవాళ్ళు వస్తారు కదా?"

ముత్యాలు చెప్పబోయింది. అంతలో వచ్చిన రోజు పొద్దున చూసిన కళ్ళం అంచు కళ్ళ ముందుకొచ్చింది. నెత్తళ్ళ కుప్ప, అడ్డం పెట్టిన రెక్క. కొబ్బరాకు మీద రెండు నల్లటి ఆకారాలు కదలడం అప్పుడు ఓరకంట చూసింది, ఎవరో అనుకుంది. ఎవరో ఇప్పుడు తెలిసింది.

"అయ్యో, నేను పిలవలేదు" అంది మెల్లగా. "పెద్దమ్మ నేర్పిన మొదటి మాటే మర్చిపోయాను."

పెద్దమ్మ నోట్లో స్వయంగా పెట్టాలని ఒక్క ఖర్జూరం మాత్రం సన్నాసయ్యకి ఇవ్వకుండా పడవ చెక్క సందులో ముందే దాచి ఉంచింది. అది తీసుకుని విరిగిన పడవ తెరచాప కొయ్య చివరికెక్కింది. గొంతు సవరించుకుంది. ఏళ్ళుగా కూయని గొంతు. మొదటి కూత తుప్పుపట్టిన గొళ్ళెంలా వచ్చింది. దానయ్య పాపం అలవాటుకొద్దీ తెల్ల పక్షులొస్తాయేమోనని ఆకాశం వైపు చూసి తల దాచుకున్నాడు.

ఎవరూ రాలేదు. రెండో కూత వేసింది. తోపులో గుసగుసలు ఆగాయి. అయినా ఒక్క రెక్కా కదల్లేదు.

పడవ కింది నుంచి సన్నాసయ్య తల బయటపెట్టాడు. "ఎందుకు చెల్లెమ్మా ఉన్న పరువు కూడా తీసుకుంటావు? వాళ్ళు రారు. ఆ పండు కూడా ఇలా ఇయ్యి."

"పిలవడం నా వంతు అన్నా" అంది ముత్యాలు. "రావడం, రాకపోవడం వాళ్ళ ఇష్టం. పిలవకపోతే మాత్రం తప్పు నాది."

మూడో కూత వేసింది. అది చిన్నప్పటి గొంతే.

తోపులోంచి ఒక ముసలి కాకి లేచింది. గాలికి అటూ ఇటూ ఊగుతూ వచ్చి పడవ మీద వాలింది. పెద్దమ్మని చూడగానే సన్నాసయ్య "నాకు సంధ్యవేళయింది" అంటూ తుప్పల్లోకి జారుకున్నాడు.

"మొదటి కూత పెద్దలది, వాళ్ళొచ్చారో లేదో మనకి తెలీదు" అంది నూకమ్మ ఆయాసపడుతూ. "రెండోది చుట్టాలది, చుట్టాలు అలిగి కూర్చున్నారు. మూడోది ఆకలున్నవాళ్ళది. నేను ఆకలితో వచ్చానే."

ముత్యాలు ఖర్జూరం ఆవిడ నోట్లో పెట్టింది. పెద్దమ్మ వస్తే పేట ఆగుతుందా? ఒక్కొక్కరే వచ్చి పడవ నిండా వాలారు. పండు చూస్తే ఒక్కటి. పెద్దమ్మ దాన్ని చీల్చి అందరికీ రేణువు రేణువు పంచింది. మిగిలిన గింజని గంగులు ముక్కుతో తిప్పి చూసింది.

"ఈతగింజలా ఉంది గానీ బాగా పొడుగు. ఇలాంటివి సన్నాసయ్య బొరియ ముందు కుప్పగా పడున్నాయి. ఎక్కడి ఈతపళ్ళో అనుకున్నాను."

ముత్యాలు ముఖం పాలిపోయింది, కాకి ముఖం పాలిపోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. "అవి మీకు పంపినవి వదినా. అందలేదా?"

"ఏం పంపావు? నేను పంపిన నెత్తళ్ళు తిన్నావా?" అంది పెద్దమ్మ.

"ఏ నెత్తళ్ళు?"

ఎవరి మూటా ఎవరికీ చేరలేదని అప్పుడు అందరికీ అర్థమైంది. తరవాత గంగులు గొంతు లేచింది. "ఇప్పుడే వెళ్ళి వాడి కళ్ళు పొడిచేస్తాను."

"ఆగు వదినా" అంది ముత్యాలు. "ఇన్ని మూటలు మోసినవాడు, ఆఖరి మూట కూడా వాడి చేతే మోయిద్దాం. ఓడ వాళ్ళు వల కట్టడం చూసి చూసి నాకు అలవాటైంది. ముడి బయట ఉంటే పట్టుకోవడానికి పిడిలా ఉంటుంది. అదే ముడి లోపలికి పెడితే వలనే కరవాలి. పళ్ళు వల కన్నాల్లో దిగాయంటే అంత తొందరగా ఊడిరావు."

"అమ్మో, ఎడారి బాగానే చదివించింది నిన్ను" అంది గంగులు. అది ఆ ఆడపడుచుకి దక్కిన మొదటి మెచ్చుకోలు.

తెల్లారగానే నూకమ్మ తుప్పల దగ్గరికెళ్ళి పిలిచింది. "సన్నాసయ్యా, మా పిల్ల వెళ్ళిపోతోంది. పేటంతా కలిసి దారికి నెత్తళ్ళు కట్టాం, బాగా బరువుంది. పడవల రేవుదాకా చేర్చిపెట్టు నాయనా, పుణ్యముంటుంది."

"పుణ్యం కోసమే కదా తల్లీ నా బతుకు" అంటూ వచ్చాడు సన్నాసయ్య. పడవ పక్కన మూట చూడగానే నోట్లో నీళ్ళూరాయి. పిడి కోసం వెతికాడు, లేదు. నోరారా వలనే కరిచి ఎత్తాడు. రేవు వైపు తిరిగినట్టు తిరిగి, పెద్దమ్మ చూపు మళ్ళగానే బొరియ దారి పట్టాడు.

అప్పుడు ముత్యాలు కొయ్య మీంచి కూసింది. రెండో గొంతు గంగులుది. మూడోసారి పేటంతా ఒక్కసారిగా లేచింది. ఇన్నాళ్ళు మూగబోయిన తోపు ఆకాశం చిరిగిపోయేలా అరిచింది.

రేవులో కుక్కలు లేచాయి. వెనక్కి చూస్తే కళ్ళం వైపు నుంచి రెండు కుక్కలు, ముందుకి చూస్తే తోపు చుట్టి వచ్చి బొరియ దారిలో నిలబడ్డ ఇంకో రెండు. సన్నాసయ్య మూట వదిలేద్దామనుకున్నాడు. వదలడానికి రాదే. వల కన్నాల్లో పళ్ళు ఇరుక్కుపోయాయి. తిడదామన్నా నోరు తెరుచుకోదు, నారాయణా అందామన్నా తెరుచుకోదు. మిగిలింది పడవల రేవు దారి ఒక్కటే. మూటతో సహా ఆ దారినే పరుగెత్తాడు. పైన కాకుల గొడుగు, వెనక కుక్కల ఊరేగింపు. రేవు చివరికొచ్చి ఏట్లోకి దూకబోతే వల అక్కడ పడవలు కట్టే గూటానికి తగులుకుని పట్టుకుంది. ఒక్క గుంజు గుంజాడు. నక్క నీళ్ళలో పడ్డాడు, మూట రేవులో నిలిచింది, ఒక కోరపన్ను వలలోనే ఉండిపోయింది.

అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ పోతున్న సన్నాసయ్యని చూసి దానయ్య అన్నాడు. "పాపం, అన్న మాట నిలబెట్టుకున్నాడు. రేవుదాకా చేర్చాడు."

కళ్ళంలో ఆడవాళ్ళు పైన కప్పడానికి తెచ్చిన వల మడిచి పక్కన పడేశారు. "కాకులకి గొంతొచ్చిందే" అని ఒకామె గుప్పెడు రొయ్యలు వాటి ముందుకి విసిరింది. ఆ పూట ముత్యాలుని పేరు పెట్టి పిలవడానికి గంగులు ఎదురొచ్చింది. "రా ముత్యాలూ, అన్నయ్యా మీరూ రండి. ఈగలున్నాయి మరి, చూసుకోండి."

"ఈగలు లేని తిండికి రుచేముంది చెల్లెమ్మా" అన్నాడు దానయ్య. మొదటిసారి అందరూ కలిసి నవ్వారు. చిన్నకూతురు మూడు కూతలూ నేర్చుకుని, తిండి ఉన్నా లేకపోయినా కూస్తూ తిరిగింది.

ఓడ కదిలింది. పేటంతా నెత్తళ్ళు ముక్కున కరుచుకుని ఓడదాకా వెళ్ళి దించి వచ్చింది. ఎడారి రేవుకి చేరాక ముత్యాలు ఏం చేసిందో తెలుసా? మొదటి ముద్ద దొరకగానే కొయ్యెక్కి మూడుసార్లు కూసిందట. తెల్ల పక్షులు రానే వచ్చాయి. కొంత లాక్కున్నాయి కూడా. కానీ ఒక తెల్ల పక్షి మాత్రం లాక్కోకుండా పక్కన నిలబడి, పిలిచింది నన్నేనా అన్నట్టు చూసిందట. దానయ్య గొణుక్కుంటూనే కాస్త జరిగి దానికి చోటిచ్చాడు.

పిలుచుకుని తినేవాళ్ళ మధ్య నక్కకి చోటుండదు. ఇదే నీతి.

ఇంకేం గుర్తుంచుకోకపోయినా ముత్యాలు ఆ కొయ్యెక్కి, వస్తారో రారో తెలియకుండా పిలిచిందే, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇప్పుడు మీ చేతిలో ఉందే జంతిక, దాన్ని విరవండి. పక్కనున్నవాళ్ళని పేరు పెట్టి పిలిచి సగం ఇచ్చాక మీ సగం నోట్లో వేసుకోండి. రేపు మీ ఇంట్లో కంచం ముందు కూర్చున్నప్పుడు కూడా ఇలాగే చెయ్యండి.